‘డీప్ స్నో సమ్మిట్ కిట్’ కొనేవాళ్లకి జాగ్రత్త

ఆన్‌లైన్‌లో ‘డీప్ స్నో సమ్మిట్ కిట్’ అని అమ్ముతున్న సెట్ మీ కార్ట్‌లో ఉంటే డబ్బు కట్టేముందు ఇది చదవండి. క్రాంపాన్లు (జారకుండా బూటు కింద బిగించే కోరల చట్రాలు), గెయిటర్లు (బూటులోకి మంచు దూరకుండా కాలికి కట్టే తొడుగులు), పోల్స్ (చేతికర్రలు) అన్నీ కలిపి ఒకే ప్యాక్. ఫొటోలో చూపించింది 12 కోరల స్టీలు క్రాంపాన్, ముందుకి పొడుచుకొచ్చిన రెండు కోరలతో సహా. మాకొచ్చిన పార్సిల్ విప్పితే రబ్బరు పట్టీ, దానికి గొలుసులు, గొలుసులకి చిన్న చిన్న మేకులు. వీటిని మైక్రోస్పైక్స్ అంటారు. అడిగితే ‘రెండూ ఒకటే సర్, పేరే తేడా’ అన్నాడు అమ్మేవాడు. రేపు మంచుకొండ ఎక్కడానికి బయల్దేరతామనగా వచ్చింది కాబట్టి మార్చుకునే టైమూ లేదు.

ఒకటెలా అవుతాయి? మైక్రోస్పైక్స్ మేకు పొడవు సుమారు ఒక సెంటీమీటరు. జనం తొక్కి గట్టిపడిన దారిలో, పల్చటి ఐస్ మీద బాగానే పట్టుకుంటాయి, ఆ మాట ఒప్పుకోవాలి. కింద దారి గట్టిగా ఉన్నంతసేపు మాకూ ఏమీ తెలియలేదు, ఫొటోలు తీసుకుంటూ జోకులేసుకుంటూ ఎక్కాం. చెట్లు దాటి మోకాలిలోతు మంచులోకి వెళ్లాక మొదలైంది అసలు గోల. ఎండకి మంచు కాస్త చెమ్మగిల్లేసరికి గొలుసుల మధ్య ఇరుక్కుని ముద్దలు కట్టేసింది, మేకులన్నీ ఆ ముద్ద లోపలే ఉండిపోయాయి, ఎత్తు మడమల చెప్పులేసుకుని ఐస్ మీద నడిచినట్టే ఉంది. పోల్‌తో కొట్టి రాలిస్తే నాలుగడుగులకి మళ్లీ అంతే. అసలైన క్రాంపాన్ల అడుగున దీనికోసమే, మంచు ముద్ద కట్టకుండా, యాంటీ బాలింగ్ ప్లేట్ ఉంటుంది.

శిఖరం కింద ఆఖరి వాలులో ఒక ఫ్రెండ్ కాలి మైక్రోస్పైక్ మడమ దగ్గర రబ్బరు చిరిగి ఊడిపోయింది. మంచులో మోచేతి దాకా చేతులు పెట్టి దేవినా దొరకలేదు. వాడి గెయిటర్ పాదం కింది పట్టీ అప్పటికే తెగింది, బూటులోకి మంచు దూరి సాక్సు తడిసి వేళ్లు మొద్దుబారుతున్నాయి. ఎవరం వాదించుకోలేదు, వెనక్కి తిరిగాం. శిఖరం ఎదురుగా కనిపిస్తుంటే ఒళ్లు మండింది, దిగేటప్పుడు మాత్రం అంతకుమించి టెన్షన్.

రిఫండ్ అడిగితే ‘రఫ్‌గా వాడారు, వాడిన సరుకు వెనక్కి తీసుకోం’ అని జవాబు. మంచులో వాడమని అమ్మినదాన్ని మంచులో వాడితే రఫ్ యూజ్ ఎలా అవుతుందో మరి!

క్రాంపాన్ కొనేటట్టయితే దాని మీద ఈఎన్ 893 (క్రాంపాన్లకి యూరప్ భద్రతా ప్రమాణం) అనో యూఐఏఏ (అంతర్జాతీయ పర్వతారోహణ సమాఖ్య) అనో ముద్ర ఉందో లేదో చూడండి. మీ బూటు ఏ రకమో కూడా చెప్పి అడగండి, ఎందుకంటే మెత్తగా వంగిపోయే ట్రెక్కింగ్ బూటుకి బిగిస్తే కొన్ని అసలైనవి కూడా ఊడిపోతాయి. ఇంకో సంగతి, ఎంత మంచి క్రాంపాన్ అయినా జారకుండా ఆపుతుందే గానీ మంచులో దిగబడకుండా ఆపలేదు, దానికి బూటు కింద కట్టుకునే వెడల్పాటి స్నోషూలు కావాలి. ‘ఒక్క కిట్ చాలు’ అన్నచోటే అనుమానించండి. పార్సిల్ రాగానే బూటుకి తొడిగి కాలు గట్టిగా విదిల్చి చూడండి, గెయిటర్ పట్టీ లాగి చూడండి.

పార్సిల్ విప్పుతున్నప్పుడు వీడియో తీయండి, అమ్మకం పేజీ స్క్రీన్‌షాట్ కూడా దాచుకోండి. మేం కంప్లయింట్ ఇచ్చాక వాళ్లు ఫొటో మార్చేశారు. పాత స్క్రీన్‌షాట్ ఉండబట్టే మా కేసు ఇంకా నడుస్తోంది.