లొట్టి కడగని బీరు

మూడున్నరేళ్లుగా నెలకు రెండు శనివారాలు క్రాఫ్ట్ బీరు, అంటే పెద్ద కంపెనీలు కాక చిన్న ఎత్తున కాచే బీరు, తాగుతున్నాను. నల్గొండలో నాది మోటారు రివైండింగ్ దుకాణం. రాగి తీగకు, బేరింగులకు సికింద్రాబాద్‌లోని రాణిగంజ్ వెళ్లక తప్పదు. అక్కడ పని పదకొండింటికల్లా ముగుస్తుంది, తిరుగు బస్సు ఎప్పుడెక్కినా అడిగేవారు లేరు. ఈ మధ్యవేళలో, మా బావమరిది ఒకసారి తీసుకెళ్లిన చోట, కళ్లెదుటే పెద్ద స్టీలు ట్యాంకుల్లో బీరు కాచే హోటల్లో కూర్చోవడం అలవాటైంది. దాని పేరు రాయను. ఎందుకు రాయనో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

బీరు ఎలా తయారవుతుందో, ఏ రకంలో ఎంత మత్తు ఉంటుందో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను చెప్పదలచింది పులుపు గురించి మాత్రమే.

మిగతా రకాల సంగతి రెండు మాటల్లో తేల్చేస్తాను. చెక్కపలక మీద ఒక్కో రకం ఒక్కో గ్లాసులో, ఆరు చిన్న గ్లాసులు పెట్టి తెస్తారు, మొదటిసారి వెళ్లేవాళ్లు అదే అడగడం మంచిది. ఐపీఏ అనే చేదు బీరు నాకు పడదు. అందులో వేసే హాప్స్ అనే పువ్వు చేదు కాకరకాయను మించిపోతుంది. అయితే మా బావమరిది దానికోసమే వస్తాడు కాబట్టి తప్పు నా నాలుకదే కావచ్చు. స్టౌట్ అనే నల్లటి బీరు మంచులా చల్లగా తెచ్చిస్తే మాడిన రొట్టెలా ఉంటుంది. పావుగంట ముట్టుకోకుండా వదిలేస్తే కాఫీ గింజల వాసన, వెనకే కొద్దిగా ముదురుపాకం వాసన వస్తాయి. విట్‌బియర్ అనే బెల్జియం బీరులో ధనియాలు, నారింజ తొక్క నిజంగానే వేస్తారు. హెఫెవైజెన్ అనే జర్మన్ గోధుమ బీరులో లవంగం, అరటిపండు వాసన గుప్పుమంటుంది కానీ ఆ రెండూ వేయరు, అది బీరును పులియబెట్టే ఈస్టు చేసే మాయ. ఇది తెలిసిన రోజు నేను ఇంటికొచ్చి మా ఆవిడకు అరగంట చెప్పాను. ఆవిడ చపాతీ పిండి కలుపుతూనే విన్నది.

ఆ గోధుమ బీరునే నేను అందరికీ పొగిడాను. లవంగం, అరటిపండు వాసనల తర్వాత గుటక దిగాక నాలుక అంచున చిన్న పులుపు తగులుతుందని, అదే దాని అసలు గొప్పతనమని, ఆ పులుపు వేరే చోట దొరకదని చెప్పేవాణ్ని. దుకాణానికి పంపు బాగుచేయించుకోవడానికి వచ్చిన రైతులకు కూడా చెప్పాను. పాపం, వాళ్లకు కావలసింది బోరులోకి మోటారు ఎప్పుడు దిగుతుందన్న మాట.

పోయిన ఏడు మా మేనమామ మనవరాలిని కాలేజీ హాస్టల్లో దింపడానికి హైదరాబాద్ వచ్చాడు. చండూరు దగ్గర ఊరు, ముప్పై ఏళ్లకు పైగా తాటిచెట్లు ఎక్కిన మనిషి. మోకాళ్లు మొరాయించాక మోకు, ముస్తాదు గోడకు తగిలించాడు. పని ముగిసేసరికి పన్నెండయింది. "రా మామా, పట్నం కల్లు తాగిస్తా" అని తీసుకెళ్లాను. ఆ రోజు మేమే మొదటి గిరాకీ.

గోధుమ బీరు వచ్చింది. మామ గ్లాసు ఎత్తి ముందు వాసన చూశాడు. ఒక గుక్క నోట్లో పట్టుకుని, మింగి, గ్లాసు కింద పెట్టేశాడు.

"అల్లుడా, లొట్టి కడగలేదు."

నేను నవ్వాను. మామా, ఇక్కడ కల్లు పట్టే లొట్టి ఎక్కడిది, అన్నీ స్టీలు ట్యాంకులు అన్నాను. "స్టీలుదో మట్టిదో, ఏదో ఒకటి కడగలేదు. ఇది పులిసిన పులుపు కాదు, పాడైన పులుపు. మెతుకులు అడుగున ఉండిపోయిన గిన్నె వాసన రావడం లేదా?" అన్నాడు. నేను మళ్లీ వాసన చూశాను. చెప్పాక తెలిసింది. లవంగం కింద సన్నగా సిర్కా వాసన. రెండేళ్లుగా నేను గొప్పగా చెప్పుకొస్తున్న నా చిన్న పులుపు అదే.

వడ్డించే కుర్రాణ్ని పిలిస్తే "గోధుమ బీరు స్వభావమే అంత సార్" అన్నాడు. మామ లేచాడు. నేను ఆపేలోగా కౌంటరు దగ్గరికి వెళ్లి, భుజం మీది తువ్వాలు కొసను వేలికి చుట్టి, బీరు దిగే కొళాయి మూతిలోకి దూర్చి తిప్పాడు. బయటకు తీస్తే తెల్లని కొస మీద గోధుమరంగు జిగురు, చీమిడిలా సాగుతోంది. దాన్ని కుర్రాడి ముక్కు దగ్గర పెట్టాడు. కుర్రాడు ఏమీ అనలేదు, మేనేజరును పిలిచాడు. మేనేజరు మర్యాదస్తుడే, గొడవ పెట్టుకోలేదు. గొట్టంలో ఉన్నదంతా రెండు జగ్గుల్లోకి వదిలేయించి, కొళాయి మూతి విప్పి కడిగించి, కొత్త గ్లాసు ఇప్పించాడు. అందులో లవంగం ఉంది, అరటిపండు ఉంది. పులుపు మాత్రం దాదాపు లేదు.

ఆ తర్వాత బావమరిదిని అడిగి, కొంత చదివి తెలుసుకున్నాను. ట్యాంకు నుంచి కొళాయి దాకా వచ్చే గొట్టాన్ని రెండు వారాలకొకసారైనా శుభ్రం చేసే రసాయనంతో కడగాలి. లేకపోతే లోపలి గోడలకు ఈస్టు, బాక్టీరియా పాచిలా పట్టి, వచ్చే బీరును పుల్లబరుస్తాయి, ఒక్కోసారి వెన్న కాచిన వాసన తెప్పిస్తాయి. రాత్రంతా గొట్టంలో నిలిచిన బీరు మరుసటి రోజు మొదటి గ్లాసులో పడుతుంది. ఆ మొదటి గ్లాసు తాగే మనిషిని నేనే. రాత్రి ఎనిమిదికి వెళ్లే బావమరిదికి ఇన్నేళ్లలో ఈ పులుపు ఒక్కసారీ తగలలేదట. నేను చెప్పినప్పుడల్లా నా ఊహ అనుకున్నాడట.

ఆ రోజే మామ కోపం చల్లారాక, కావాలనే పుల్లగా చేసే బీరు ఒకటుందని గోజె తెప్పించాను. జర్మనీలో గోస్లార్ అనే ఊళ్లో పుట్టి, లైప్‌జిగ్‌లో పేరు తెచ్చుకున్న రకం. గోధుమ, ఉప్పు, ధనియాలు వేస్తారు, పాలను పెరుగు చేసే జాతి బాక్టీరియాతో పులియబెడతారు. మూడేళ్ల కిందట నేను మొదటిసారి తాగినప్పుడు, కల్లు పుల్లబడితే మా ఊళ్లో పారబోస్తాం, ఇక్కడ 350 రూపాయలు తీసుకుంటున్నారు అని సణిగి సగంలో వదిలేశాను. మామ మాత్రం గ్లాసు పూర్తి చేశాడు. "ఇది మధ్యాహ్నం రెండు గంటల కల్లు. పులుపు ఉంది కానీ ముక్కుకు గుచ్చుకోవడం లేదు. దీని లొట్టి కడిగారు. పక్కన గుడాలుంటే ఇంకొకటి తాగవచ్చు" అన్నాడు. గుడాలు లేవు. వేయించిన పల్లీలతో సరిపెట్టుకున్నాం.

అదే ఊపులో బెల్జియం ల్యాంబిక్ సంగతి కూడా చెప్పాను. బావమరిది ఆఫీసు పనిమీద వెళ్లి తెచ్చిన సీసా ఒకటే నేను రుచి చూసింది. బ్రస్సెల్స్ చుట్టుపక్కల చేస్తారు. మరిగించిన బార్లీ, గోధుమ రసాన్ని చలికాలం రాత్రి లోతులేని పెద్ద తొట్టిలో మూత లేకుండా వదిలేస్తారు. ఈస్టు ఎవరూ వేయరు, గాలిలోది వచ్చి పడేదే. తర్వాత చెక్క పీపాల్లో ఏడాది నుంచి మూడేళ్ల దాకా నిలవ ఉంచుతారు. మామ శ్రద్ధగా విన్నాడు. "మనకు పొద్దుటి నుంచి మధ్యాహ్నానికి అయ్యే పని వాళ్లకు మూడేళ్లా? చలి దేశం మరి" అన్నాడు.

ఇప్పుడు నేను చేసేది ఇది. వెళ్లగానే గొట్టం ఎప్పుడు కడిగారని అడుగుతాను. మొదట్లో మొహం చిట్లించేవారు, ఇప్పుడు నేను అడగకముందే తారీఖు చెబుతున్నారు. అది నిజమో, నా నోరు మూయించడానికో తెలియదు కాబట్టి మొదటి గ్లాసు పిల్స్‌నర్ తీసుకుంటాను. 1842లో ఇప్పటి చెక్ దేశంలోని పిల్జెన్‌లో పుట్టిన ఆ పల్చటి బీరులో దాచుకోవడానికి ఏమీ ఉండదు, గొట్టం మురికి మొదటి గుక్కలోనే బయటపడుతుంది. అది శుభ్రంగా ఉంటేనే గోజె. అయితే గోజె ఎప్పుడూ దొరకదు, వేసవిలో రెండు నెలలు పెట్టి తీసేస్తారు. నాకు ఈ మొత్తం బీరుల్లో మిగిలిన కోపం అదొక్కటే. గోధుమ బీరు ఇప్పటికీ బాగుంటుందనే అంటాను. కాకపోతే చివర్లో పులుపు తగులుతుందన్న మాట వదిలేశాను. పాత గిరాకీలు గుర్తు చేస్తే మాట మారుస్తున్నాను.

వెళ్లవచ్చా అని అడిగితే నేను చెప్పగలిగింది మధ్యాహ్నం సంగతే. రాత్రి జనం నిండి, కొళాయి ఆగకుండా పారే వేళ అదే గ్లాసు ఇంకా మెరుగ్గా ఉండవచ్చు. ఆ సమయానికి నేను చౌటుప్పల్ దాటి బస్సులో నిద్రపోతుంటాను.