మైకు లేని చదివింపులు: ఎలక్టోరల్ బాండు సమీక్ష

సరుకు: ఎలక్టోరల్ బాండు, అంటే బ్యాంకులో కొని, పేరు బయటపడకుండా రాజకీయ పార్టీకి విరాళంగా ఇచ్చే కాగితం. అచ్చు వేసింది నాసిక్‌లో. అమ్మింది స్టేట్ బ్యాంకు ఒక్కటే, అదీ 29 శాఖల్లో (మనవైపు హైదరాబాదు, విశాఖపట్నం). అమ్మకాలు మొదలైంది 2018 మార్చి 1న. సుప్రీంకోర్టు షట్టరు దించేసింది 2024 ఫిబ్రవరి 15న. ఈలోగా 30 విడతల్లో అమ్ముడుపోయిన సరుకు విలువ సుమారు 16,518 కోట్లు. కొన్నవాళ్లు, పుచ్చుకున్నవాళ్లు ఐదుకు ఐదు స్టార్లు ఇస్తారు. ఓటరుగా వాడి చూసిన వాళ్లకు సున్నా ఇచ్చే మీట ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తుంది.

తెలుగువాళ్లకు ఇది ఎలాంటి సరుకో ఒక్క మాటలో చెప్పొచ్చు: చదివింపులు. మన పెళ్లిళ్లలో ఒకాయన పుస్తకం ముందేసుకుని కూర్చుంటాడు, ఫలానా వారు నూట పదహార్లు అని రాస్తాడు, మైకులో చదువుతాడు. పందిరంతా వింటుంది. ఈ బాండులో మైకు పీకేశారు, పుస్తకం మాత్రం ఉంచారు. లోపమంతా ఇక్కడే ఉంది. పుస్తకం ఎవరి సంచిలో ఉందన్నది కొనేటప్పుడు ఎవరూ అడగలేదు. అడగక్కర్లేకుండానే తెలుసు కాబట్టి కావచ్చు.

అమ్మకం సాగినన్నాళ్లు వాడకం సులువే. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల్లో పదేసి రోజులు కౌంటరు తెరుస్తారు. లోక్‌సభ ఎన్నికల ఏడాదిలో అదనంగా 30 రోజులు. అసెంబ్లీ ఎన్నికల ఏడాదికి ఇంకో 15 రోజులు 2022 నవంబరులో కలిపారు. పండగ సీజను ఆఫర్లంటే వ్యాపారులకే కాదు, ప్రభుత్వానికీ ఇష్టమే మరి. కేవైసీ కాగితాలిచ్చి, నగదు కాకుండా ఖాతాలోంచే డబ్బు కట్టాలి. సైజులు ఐదు: వెయ్యి, పదివేలు, లక్ష, పది లక్షలు, కోటి. సామాన్యుడి కోసమని పెట్టిన వెయ్యి రూపాయల సైజు షోకేసులో బొమ్మలా మిగిలిపోయింది. చెల్లిన విలువలో దాదాపు అంతా కోటి బాండ్లదే.

బాండు మీద ఇచ్చేవారి పేరుండదు, పుచ్చుకునే పార్టీ పేరూ ఉండదు. 15 రోజుల్లోగా పార్టీ తన ఖాతాలో వేసుకోవాలి. గడువు దాటితే సొమ్ము ప్రధానమంత్రి సహాయనిధికి పోతుంది. పార్టీకి కనీస అర్హత, కిందటి లోక్‌సభ లేదా అసెంబ్లీ ఎన్నికల్లో ఒక శాతం ఓట్లు. కమీషను, అచ్చు ఖర్చు కొన్నవాళ్లవి కావు, పుచ్చుకున్నవాళ్లవీ కావు, ఖజానావి. కంపెనీకి పన్ను మినహాయింపు అదనం. అంటే చదివింపులు వాళ్లవి, భోజనాల ఖర్చు మనది.

అట్టపెట్టె మీద రాసింది పారదర్శకత. నగదు విరాళాల హద్దును 20,000 నుంచి 2,000కు దించామని గొప్పగా చెప్పారు. ఆ చేత్తోనే 2017 ఫైనాన్స్ చట్టం కంపెనీల చట్టంలోని 182వ సెక్షన్లో రెండు మరలు విప్పేసింది. అంతకుముందు కంపెనీ గత మూడేళ్ల సగటు నికర లాభంలో 7.5 శాతానికి మించి పార్టీలకు ఇవ్వకూడదు, ఏ పార్టీకి ఎంతిచ్చిందో లెక్కల్లో చూపాలి. హద్దు తీసేశాక, 2024 తీర్పు వచ్చేదాకా, లాభమే లేని కంపెనీ కూడా ఇవ్వగలిగేది. పార్టీ పేరు చూపక్కర్లేదు కాబట్టి వాటాదారుకు సైతం తెలిసేది కాదు. రిజర్వు బ్యాంకు ముందే వద్దంది, ఎన్నికల సంఘం 2017 మేలో అభ్యంతరం రాసి పంపింది. కంపెనీ వాళ్లు వినలేదు. ఇక్కడ కంపెనీ అంటే కేంద్ర ప్రభుత్వం.

ఇక రహస్యం సంగతి. బాండు మీద కంటికి కనపడని నంబరు ఉందని, అతినీలలోహిత కాంతి కింద పెడితే కనిపిస్తుందని 2018 ఏప్రిల్‌లో ఒక విలేఖరి పరీక్ష చేయించి బయటపెట్టారు. అది నకిలీలు రాకుండా పెట్టిన గుర్తేనని, కొన్నవాళ్ల పేరుతోగానీ వేసుకున్న పార్టీ పేరుతోగానీ బ్యాంకు ఎక్కడా రాసుకోదని ఆర్థికశాఖ జవాబు. ఆరేళ్ల తర్వాత కోర్టు అడిగితే అదే నంబరు రెండు వైపుల రికార్డుల్లోనూ నిక్షేపంలా ఉంది. పథకం నిబంధనల్లో ఇంకో చిన్న అక్షరాల వాక్యం: వివరాలు రహస్యమే, కోర్టు అడిగితే లేదా దర్యాప్తు సంస్థ క్రిమినల్ కేసు నమోదు చేస్తే తప్ప. బ్యాంకు ఎవరిదో, దర్యాప్తు సంస్థలు ఎవరి చేతికింద ఉంటాయో కలిపి చూస్తే ఇది ఒకవైపు అద్దం. అధికారంలో ఉన్నవాళ్లకు కిటికీ, మిగతా వాళ్లకు గోడ.

సర్వీసు సెంటరు గురించి చెప్పకపోతే సమీక్ష పూర్తి కాదు. ఎవరు కొన్నారో, ఏ పార్టీ పుచ్చుకుందో 2024 మార్చి 6లోగా వివరాలివ్వమని కోర్టు తీర్పులో చెబితే, జూన్ 30 దాకా గడువు కావాలంది బ్యాంకు. కొన్నవి 22,217, రెండు వైపులా జతపరచాలంటే 44,434 పద్దులట. మధ్యలో లోక్‌సభ ఎన్నికలు అయిపోయేవన్నది యాదృచ్ఛికమే అనుకుందాం. జతపరచమని ఎవరూ అడగలేదని మార్చి 11న కోర్టు గట్టిగా అంటే, మర్నాడే ఎన్నికల సంఘానికి సమాచారం అందింది. మార్చి 14న రెండు జాబితాలు (కొన్నవాళ్లది ఒకటి, పార్టీలది ఒకటి) వచ్చాయి, నంబర్లు లేకుండా. చెప్పులు రెండూ ఇచ్చి, ఏది కుడో ఏది ఎడమో చెప్పనట్టు. మళ్లీ చీవాట్లు తిన్నాక మార్చి 21న నంబర్లతో సహా ఇచ్చారు.

ఆ ఫైళ్లు ఎన్నికల సంఘం సైటులో చూడాలనుకునేవారు ఒక జాగ్రత్త పడాలి. బాండు నంబరు ఒక్కదానితోనే జత కలపొద్దు. ముందున్న అక్షరాలతో (కోటికి ఓసీ, పది లక్షలకు టీఎల్) కలిపి ఒకే గడిలోకి తెచ్చి వెతకాలి. లేకపోతే వేర్వేరు సైజుల్లో ఒకే అంకె తగిలి తప్పు పెళ్లి జరుగుతుంది. కొన్నవి 18,871, చెల్లినవి 20,421 అని చూసి ఎవరో దొంగ బాండ్లు అచ్చేశారనుకోవద్దు. జాబితా 2019 ఏప్రిల్ 12 నుంచి మొదలవుతుంది (బ్యాంకు చెప్పిన 22,217 ఏప్రిల్ 1 నుంచి లెక్క). అంతకు కొద్దిరోజుల ముందు కొన్నవి ఆ తర్వాత చెల్లాయి, వాటికి కొన్నవారి పేరు దొరకదు. 2018 నుంచి అప్పటిదాకా కొన్నవాళ్లయితే జాబితాలోనే లేరు.

ఆ జాబితా ప్రకారం అత్యధికంగా కొన్నది లాటరీ వ్యాపారం చేసే ఫ్యూచర్ గేమింగ్, 1,368 కోట్లు. రెండోది హైదరాబాదు మేఘా ఇంజనీరింగ్, 966 కోట్లు. పుచ్చుకున్నవాళ్లలో భాజపా 6,060 కోట్లతో పెద్దపీట మీద కూర్చుంది. మనవాళ్లేం తక్కువ తినలేదు: భారాస 1,214, వైకాపా 337, తెదేపా 218 కోట్లు. ఒక్క రాష్ట్రం పార్టీ జాతీయ పార్టీ కాంగ్రెసుకు (1,421) అంత దగ్గరగా రావడం గమనించదగ్గదే. అధికారం ఉన్నచోటికి కవరు దానంతటదే నడిచి వస్తుంది. సీపీఎం మాత్రం కవరు ముట్టకుండా కోర్టుకెళ్లింది.

ప్రత్యామ్నాయం అడిగేవారికి: 2013 నుంచి ఎలక్టోరల్ ట్రస్టు (విరాళాలు పోగేసి పార్టీలకు పంచే సంస్థ) అనే పాత మోడలు ఉంది, ఇప్పుడు గిరాకీ దానికే. వచ్చినదాంట్లో 95 శాతం ఆ ఏడాదే పార్టీలకు పంచాలి, ఇచ్చినవాళ్ల పేర్లు ఏటా ఎన్నికల సంఘానికి చెప్పాలి. బాండుకన్నా నయం, ముందు ఇదే తీసుకోండి. కాకపోతే పదిమంది సొమ్ము ఒకే గంగాళంలో పోసి ఐదుగురికి వడ్డిస్తారు కాబట్టి, ఏ గరిటె ఎవరిదో తేలదు. మైకు కాస్త పనిచేస్తోంది, గరగర ఎక్కువ. రెండున్నర స్టార్లు.