బుడమేరులో మునిగిన వడ్రంగి గది: ఏడాది వాడాక ఏది నిలిచింది, ఏది పోయింది

విజయవాడ సింగ్‌నగర్‌లో కింది వాటాలో నాకొక చిన్న వడ్రంగి గది ఉంది. వృత్తి కాదు, ఇష్టం. ఒక టేబుల్ సా (బల్లకు బిగించిన గుండ్రటి రంపం), ఒక ప్లేనర్ మిషన్ (కర్రను చదును చేసేది), ఒక బ్యాండ్ సా (చక్రాల మీద పట్టీలా తిరిగే రంపం), చేతి డ్రిల్లులు, జిగ్‌సా (వంపులు కోసే చేతి రంపం), నాన్న వాడిన ఉలులు, బాడిస, రెండు ఇనుప చిత్రికలు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి మా మీదికి వచ్చినప్పుడు ఇవన్నీ నీళ్లలోనే ఉండిపోయాయి. మళ్లింపు కాలువ కట్టకు పడిన మూడు గండ్లను సైన్యం సాయంతో పూడ్చేసరికే 7వ తేదీ వచ్చింది. మా వీధిలో నేల కనిపించడానికి ఇంకా సమయం పట్టింది. బాగుచేసిన పద్ధతుల గురించి ఏడాదికి పైగా వాడి చూశాక రాస్తున్నాను. శుభ్రం చేసిన వారానికే రాసే సమీక్షను నేను నమ్మను. మునిగిన మిషన్ మొదట్లో చక్కగానే తిరుగుతుంది, దాని అసలు రంగు తర్వాతి వానాకాలంలో బయటపడుతుంది.

ముందుగా తీర్పు చెప్పేస్తాను. బరువైన, పాతకాలపు, పోత ఇనుప మిషన్లు దాదాపు పూర్తిగా కోలుకున్నాయి. చేతిలో ఇమిడే కరెంటు పనిముట్లు కోలుకున్నట్టు నటించి ఒక్కొక్కటిగా పోయాయి. బ్యాటరీవాటి మీద ఆశ పెట్టుకోవడమే అనవసరం.

అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసింది ఏ మందూ కాదు, మంచినీళ్లు. వరద ఒండ్రు మెత్తగా ఉంటుంది, అందులో డ్రైనేజీ మురికి, డీజిలు కలిసి ఉంటాయి. తడిగా ఉన్నప్పుడు పైపు పెడితే జారిపోతుంది. ఆరనిస్తే ప్లేనర్ ఎత్తు మార్చే మరల మధ్య సిమెంటులా బిగుసుకుంటుంది. ఫైరింజన్లు వచ్చి ఇళ్లు కడిగినప్పుడు మిషన్ల మీద నేరుగా కొట్టించవద్దని పక్కింటివారికీ చెప్పాను, ఆ వేగానికి బురద బేరింగుల లోపలికి పోతుంది. మామూలు కొళాయి ధార, పెయింటు బ్రష్షు చాలు. తడి ఇనుమును మళ్లీ తడపడమేమిటని చాలామంది వారించారు. కానీ మురికి పట్టిన చోటే తేమ నిలుస్తుంది, తుప్పు అక్కడే గుంటలు పెడుతుంది. చేతులకు రబ్బరు తొడుగులు, కాళ్లకు గమ్‌బూట్లు లేకుండా మాత్రం ఈ పనికి దిగవద్దు, ఎలుకల మూత్రం కలిసిన నీళ్లు అవి.

ఇక తుప్పు సంగతి. నేను వాడినవాటిలో నిమ్మ ఉప్పుకు (సిట్రిక్ యాసిడ్) పదికి తొమ్మిది మార్కులు ఇస్తాను. కిరాణా కొట్టులో దొరుకుతుంది. లీటరు నీటికి యాభై గ్రాముల చొప్పున కలిపి, మరలు, బోల్టులు, క్లాంపుల వంటివి కొన్ని గంటలు నానబెట్టి, ఇత్తడి బ్రష్షుతో రుద్ది, వంటసోడా నీళ్లలో ముంచి, వెంటనే తుడిచి నూనె రాయాలి. ఈ చివరి పని ఆలస్యమైతే కళ్ల ముందే నారింజ రంగు పొర లేస్తుంది. ఉలులను, రంపాలను మాత్రం రాత్రంతా ఆమ్లంలో వదలవద్దు, గట్టి ఉక్కు పెళుసుబారే ప్రమాదం ఉంది.

ఇనుప చిత్రికలకు కరెంటు పద్ధతి వాడాను. ప్లాస్టిక్ బకెట్‌లో బట్టల సోడా కలిపిన నీళ్లు, కారు బ్యాటరీ ఛార్జరు, ఒక పాత ఇనుప చువ్వ. ఛార్జరు నెగటివ్ తీగ తుప్పు పట్టిన వస్తువుకు, పాజిటివ్ తీగ చువ్వకు తగిలించాలి, రెండూ నీళ్లలో ఒకదానికొకటి తగలకూడదు. మర్నాటికి నీళ్ల మీద ఎర్రటి నురగ కట్టింది. చిత్రికను బయటికి తీస్తే ఒళ్లంతా నల్లటి మడ్డి. బొటనవేలితో రుద్దితే అది ఊడిపోయి, నేనెన్నడూ చూడని పోత అక్షరాలు బయటపడ్డాయి. నాన్న కాలానికే వాటి మీద రంగూ మురికీ పేరుకుని ఉండాలి. హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కాబట్టి ఈ పని ఆరుబయటే చేయాలి. చువ్వ స్థానంలో స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టకూడదు, విషపు క్రోమియం నీళ్లలో కలుస్తుంది.

బాత్రూము కడిగే యాసిడ్‌కు నేనిచ్చేది సున్నా. తుప్పు క్షణాల్లో పోయే మాట వాస్తవమే. మూత సరిగ్గా లేని సీసా ఒకటి గదిలో ఉంటే చాలు, దాని ఆవిరికి అప్పుడే శుభ్రం చేసిన ఇనుమంతా మళ్లీ ఎర్రబడుతుంది. మా మిత్రుడి గదిలో ఇదే జరిగింది. చింతపండు ఇనుముకు పనికిరాలేదు గానీ తలుపుల ఇత్తడి బందులకు దాన్ని మించింది లేదు.

మోటార్ల విషయం కొంచెం వివరంగా చెప్పాలి. టేబుల్ సా, ప్లేనర్, బ్యాండ్ సా మూడింటివీ సింగిల్ ఫేజ్ ఇండక్షన్ మోటార్లు. వీటిలో కార్బన్ బ్రష్‌లు ఉండవు, రాగి తీగ చుట్టలూ మధ్యలో తిరిగే కడ్డీ, అంతే. విప్పి కడిగి ఆరబెట్టి, ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్‌తో పరీక్షిస్తే రెండు బాగానే చూపించాయి. వైండింగ్ మేస్త్రి వాటిని గోరువెచ్చని పెట్టెలో ఆరబెట్టి, వార్నిష్ పోసి ఇచ్చాడు. మూడోది ఒక మెగాఓమ్ కూడా చూపలేదు, దానికి తీగ కొత్తగా చుట్టించాం. ఖర్చు కొత్త మోటారు ధరలో మూడో వంతు లోపే అయింది. బాధంతా మా వంతు కోసం ఎదురుచూడటంలోనే. ఊరిలో సగం నీటి మోటార్లు ఆ దుకాణం ముందే ఉన్నాయి. బేరింగులు మాత్రం కడిగి వాడాలనే ఆలోచన వద్దు, ఈ మోటార్లలో పట్టే 6204 సైజు బేరింగు ఖరీదు ఎంతని! కెపాసిటర్లు కూడా మార్చేయాలి. కింది అంతస్తు ఇళ్లకు ప్రభుత్వం ఇచ్చిన 25,000 రూపాయలు ఇంటి సామానుకే సరిపోలేదు, మిషన్ల ఖర్చు నా జేబులోదే. అయినా ఏడాదిగా ఆ మూడు మోటార్లూ గొణగకుండా తిరుగుతున్నాయి.

చేతి డ్రిల్లు, జిగ్‌సాలకు ఇంతే శ్రద్ధ పెట్టాను. విప్పి, కడిగి, బ్రష్‌లు మార్చి, ఆ బ్రష్‌లు ఒరుసుకునే రాగి భాగం (కామ్యుటేటర్) తుడిచి బిగిస్తే కొత్తవాటిలా పలికాయి. చలికాలం గడిచేలోపు డ్రిల్లులోంచి కాలిన వాసన మొదలైంది, వేసవిలో ఆగిపోయింది. జిగ్‌సా స్విచ్ నొక్కినప్పుడల్లా ఒక్కోలా స్పందిస్తోంది, అందుకే పక్కన పెట్టేశాను. వాటి లోపలి ఎలక్ట్రానిక్ స్విచ్‌లలోకి దిగిన మట్టిని ఏ బ్రష్షూ తీయలేదు. లిథియం బ్యాటరీలు పైకి పొడిగా కనిపించినా ఛార్జింగ్ పెట్టకూడదు, మంటలు లేచే ప్రమాదం ఉంది. ఈ-వేస్ట్ తీసుకునేవారికి ఇచ్చేశాను.

కలపలో టేకు పరువు నిలబెట్టుకుంది. బురద కడిగి, కొసలకు రంగు పూసి, పలకల మధ్య ఒకే మందం పట్టీలు ఒకదాని కింద ఒకటి వచ్చేలా పేర్చి, నీడలో గాలికి వదిలేశాను. ఎండలో పెట్టిన మామిడి పలకలు పాపడాల్లా వంగిపోయాయని పక్కవీధి వడ్రంగి చూపించాడు. ఇంకో సంగతి: కడిగినా నారల సందుల్లో సన్నని ఇసుక మిగులుతుంది, చిత్రిక పట్టేముందు ఇనుప బ్రష్షుతో గీకకపోతే బ్లేడు అంచు నొక్కులు పడుతుంది. మెరైన్ ప్లైవుడ్ అంచుల్లో కాస్త ఉబ్బింది గానీ పొరలు విడలేదు. మామూలు రకం పుస్తకంలా విచ్చుకుంది. కర్ర పీచును అదిమి చేసే ఎండీఎఫ్ పలకల గురించి చెప్పడానికేమీ లేదు, పారతో ఎత్తిపోశాం. ఉబ్బి బిగుసుకున్న సొరుగులను ముందునుంచి లాగకుండా బీరువా వెనక పలక విప్పి తోశాను, ఒక్క కీలు కూడా ఊడలేదు.

నిల్వకు వాడిన నూనెల్లో కుట్టు మిషన్ నూనె రోజువారీ వాడకానికి మంచిది, కానీ ముసురు పట్టిన రోజుల్లో త్వరగా తేలిపోతుంది. ఆముదం రాయమని ఒకరు సలహా ఇచ్చారు. తుప్పును ఆపింది గానీ రంపపు పొట్టునంతా అంటించుకుంది. పోత ఇనుప బల్లల మీద తేనెమైనం రాసి గుడ్డతో మెరిపించడమే ఈ వానాకాలంలో పనికొచ్చింది. కర్రా సులువుగా జారుతోంది.

మళ్లీ వరద వస్తే అని గదిలో ప్లగ్గులన్నీ భుజం ఎత్తుకు మార్పించాను, విడిగా ఒక మెయిన్ స్విచ్ మెట్ల దగ్గర పెట్టించాను. కప్పుకు ఒక కొక్కెం, చెయిన్ పుల్లీ అమర్చాక ప్లేనర్‌ను ఇద్దరం కలిసి పైకి లేపగలుగుతున్నాం. టేబుల్ సా బరువుకు ఆ కొక్కెం సరిపోదు. దానికి మోటారు తేలిగ్గా ఊడివచ్చేలా నాలుగు బోల్టుల బిగింపు మార్చాను, బల్ల మునిగినా మోటారు పై అంతస్తుకు వెళ్తుంది. బ్యాండ్ సా చక్రాల రబ్బరు మాత్రం నీళ్లకు ఉబ్బి ఇప్పటికీ సరిగ్గా కూర్చోవడం లేదు, బ్లేడు పక్కకు తప్పుకుంటోంది. ఆ కొలత రబ్బరు ఎవరి దగ్గరైనా దొరికితే చెప్పండి.