విజయనగరంలో ఆదివారం ఫిలాసఫీ చర్చలు: కొత్తగా వెళ్ళేవాళ్ళ కోసం నా రివ్యూ

గంటస్తంభం దగ్గర ఒక మేడ మీద గదిలో ప్రతి ఆదివారం సాయంత్రం తత్వశాస్త్రం మీద మాట్లాడుకుంటారు. ఫీజు లేదు, టీకి తలా పది రూపాయలు వేసుకుంటారు అంతే. నేను నాలుగు వారాలు వెళ్ళాను. కొత్తవాళ్ళని ఎలా చూసుకుంటారో ముఖ్యంగా అది రాయాలనిపించింది, ఎందుకంటే ఇంతకు ముందు వేరే ఊళ్ళో ఇలాంటి చోటికే వెళ్తే గుమ్మంలోనే ఏం చదివారు ఎవరెవరిని చదివారు అని అడిగారు, ఇంటర్ అన్నాక ఆ పూటంతా నా వైపు చూసినవాళ్ళు లేరు, మళ్ళీ అటు వెళ్ళలేదు.

ఇక్కడ పేరు ఒక్కటే అడిగారు. డిగ్రీ, ఉద్యోగం, ఇంటిపేరు ఏవీ లేవు. ఒక రిటైర్డ్ మాస్టారు కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుని "ఏటమ్మా, ఏ ప్రశ్న పట్టుకొచ్చేవు" అన్నారు. చెప్పేశాను. మా అమ్మకి మతిమరుపు జబ్బు, రెండేళ్ళయింది, నన్ను చూసి "ఎవులమ్మా నువ్వు" అంటుంది, జ్ఞాపకాలన్నీ పోయాక కూడా ఆవిడ మా అమ్మేనా అని. ఎవరూ అయ్యో పాపం అనలేదు, ఆ రోజు అనుకున్న టాపిక్ పక్కన పెట్టేసి దాని మీదే రెండు గంటలు మాట్లాడారు, నాకు కావలసింది కూడా అదే.

జాన్ లాక్ అనే ఇంగ్లండు ఆయన 1694లో రాశాడట, నిన్నటి మనిషీ ఇవాళ్టి మనిషీ ఒకరే అనడానికి జ్ఞాపకమే ఆధారమని. వినగానే గుండె జారిపోయింది. అప్పుడు మాస్టారు, ఆ తర్వాత వచ్చిన థామస్ రీడ్ దీన్ని ఎలా తిప్పికొట్టాడో చెప్పారు. తోటలో కాయలు దొంగిలించి దెబ్బలు తిన్న పిల్లాడు పెద్దయ్యి యుద్ధంలో శత్రువు జెండా లాక్కున్నాడు, ముసలితనానికి జనరల్ అయ్యాడు. జెండా లాక్కున్నప్పుడు ఆ దెబ్బలు గుర్తున్నాయి, జనరల్‌కి జెండా గుర్తుంది గాని దెబ్బలు గుర్తులేవు, మరి జనరల్ ఆ పిల్లాడు అవునా కాదా?

డిగ్రీ చదివే ఒక పిల్ల, ఇక్కడి పైడితల్లమ్మ పండగలో పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను సిరిమాను గురించి అంది, "సిరిమాను ఏటేటా కొత్త చింతచెట్టే కదండీ, పైడితల్లమ్మ పూజారి కలలో చెప్పిన చెట్టు, అయినా మనకి అదే సిరిమాను. మానుకి ఏటి గుర్తుంటాది, గుర్తుంచుకునేది మనం కదా" అని. మా అమ్మ మాను కాదు కదా అన్నాను నేను. ఆ పిల్ల ఒక్క క్షణం ఆగి "అవునండీ, అది నేను ఆలోచించలేదు" అంది. మొదటి రోజు వచ్చినదాని మాట విని తన మాట మార్చుకుంది, అది నేను మర్చిపోలేను.

ఇంకోటి, కష్టమైన మాట వాడినవాళ్ళు లేచి బోర్డు మీద తెలుగులో అర్థం రాయాల్సిందే. ఎపిస్టమాలజీ అన్న కుర్రాడు చాక్‌పీసు పట్టుకుని చాలాసేపు నిలబడి, చివరికి "మనకి తెలుసనుకున్నది నిజంగా తెలుసా అని వెతకడం" అని రాశాడు.

నచ్చనిది ఒకటుంది. ఈ ఆదరణంతా మొదటి వారమే, రెండో వారం నా పక్కన ఎవరూ కూర్చోలేదు, పాత చర్చ ఎక్కడ ఆగిందో తెలీక గంటసేపు ఊరికే విన్నాను. కొత్తవాళ్ళకి కనీసం నెల రోజులు ఒకరిని తోడుంచాలి. మాస్టారితో చెప్పాను, ఆయన నోట్‌బుక్‌లో రాసుకున్నారు.

ఐదుకి నాలుగు స్టార్లు. ఈ ఆదివారం మా ఆడపడుచుని కూడా తీసుకెళ్తున్నాను. మెట్ల దగ్గర లైటు లేదు, ఫోన్‌లో ఛార్జింగ్ చూసుకుని వెళ్ళండి.