పాత రాజధానుల వారసత్వం: ఉమ్మడి నామినేషనా, ఉమ్మడి నిధా, ఎవరికి వారా?

ఒకే దేశంలో వేర్వేరు కాలాల్లో రాజధానులుగా వెలిగిన నగరాలు తమ వారసత్వాన్ని కలిసి చాటుకోవాలంటే ఏ దారి మేలు?

దక్షిణ కొరియా ఉమ్మడి నామినేషన్, అంటే యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకు అన్నీ కలిసి ఒకే ప్రతిపాదన పంపడం, ఎంచుకుంది. బెక్జే రాజ్యానికి 475 నుంచి 538 దాకా గోంగ్జు, ఆపైన 660లో రాజ్యం కూలేదాకా బుయో రాజధానులు. ఇక్సాన్ అనుబంధ రాజధాని. గోంగ్జులో 2, బుయోలో 4, ఇక్సాన్‌లో 2, మొత్తం 8 స్థలాలు 2015లో ఒకే పేరుతో యునెస్కో జాబితాకెక్కాయి. ఇక్సాన్‌ది వేరే ప్రావిన్సు, అయినా పొత్తు కుదిరింది. ఇప్పుడైతే ఈ దారికి ఇంకో లాభం ఉంది: 2020 నుంచి ఏ దేశమైనా ఏడాదికి ఒక్క నామినేషనే పంపగలదు. మూడు నగరాలు విడిగా వెళ్తే మూడేళ్ల వంతులు ఖర్చవుతాయి, కలిసి వెళ్తే ఒక్కటే.

కానీ ప్రతి స్థలమూ మొత్తం కథకు ఏం చేరుస్తోందో రుజువు చేయాలి, అన్నిటికీ కలిపి ఒక నిర్వహణ వ్యవస్థ చూపాలి. బెక్జే తొలి రాజధాని హన్సాంగ్ నేటి సియోల్‌లో ఉంది. అక్కడి మట్టికోటలు ఆ 8లో లేవు. వెలితే అది.

అసలు భయం వేరే ఉంది. జార్జియాలో కుతైసి నగరపు బగ్రతి కెథడ్రల్, దగ్గర్లోని గెలాతి మఠం 1994లో జంటగా జాబితాకెక్కాయి. బగ్రతిని కొత్తగా కట్టేయబోయేసరికి 2010లో ఆ జంట మొత్తం ప్రమాదంలో ఉన్న వారసత్వ స్థలాల జాబితాలో పడింది. 2017లో బగ్రతిని తొలగించాకే గెలాతి బయటపడింది. తప్పు ఒకరిది, మచ్చ ఇద్దరికీ.

శ్రీలంకలో అనురాధపుర, సిగిరియ, పొలొన్నరువ 1982లో, కాండీ 1988లో విడివిడిగానే గుర్తింపు పొందాయి. వాటిని కలిపింది 1980 చట్టంతో ఏర్పడిన కేంద్ర సాంస్కృతిక నిధి. టికెట్ డబ్బు ఆ నిధికి చేరి, తవ్వకాలకూ మరమ్మతులకూ వెళ్తుంది. జనం ఎగబడే చోటి రాబడి, జనం రాని చోటి గోడను నిలబెట్టగలదు. బలహీనత కూడా టికెట్లోనే ఉంది: 2019 ఈస్టర్ పేలుళ్ల తర్వాత, 2020 కోవిడ్‌లో విదేశీయులు ఆగిపోతే రాబడీ ఆగింది. అందుకే కనీసం ఏడాది జీతాలకూ అత్యవసర మరమ్మతులకూ సరిపడే నిల్వను వేరుగా ఉంచాలి.

మొరాకో నాలుగు రాజనగరాలు ఎవరికి వారే గుర్తింపు తెచ్చుకున్నాయి: ఫెజ్ 1981, మర్రకేష్ 1985, మెక్నెస్ 1996, రబాత్ 2012. వాటిని కలిపి చూపించేది ఎక్కువగా పర్యాటక సంస్థల యాత్రలే. ప్రచారం జరుగుతుంది గానీ, ఒక నగరపు రాబడి మరో నగరపు పైకప్పుకు చేరదు. మూడింటిలో నాకు బలహీనంగా తోచేది ఇదే.

ఒకే వంశపు రాజధానులై, నాలుగైదు మించకపోతే ఉమ్మడి నామినేషనే మేలు. వంశాలూ శతాబ్దాలూ వేరైతే బలవంతంగా ఒకే కథ అల్లకుండా ఉమ్మడి నిధి పెట్టుకోవాలి. ఏదైనా సరే, సంతకాలకు ముందే మూడు సంగతులు కాగితం మీదికి రావాలి: టికెట్ రాబడిలో ఎవరి వాటా ఎంత, రక్షిత ప్రాంతం చుట్టూ భవనాల ఎత్తు ఎంత, ఒక నగరం తలపెట్టిన పునర్నిర్మాణాన్ని మిగతా నగరాలు ఆపగలవా లేదా. మూడోది వదిలేస్తే బగ్రతి కథే మళ్లీ జరుగుతుంది.