తిరుపతిలో మా హాకీ క్లబ్: చేరే ముందు తెలుసుకోవాల్సినవి

తిరుపతిలో పిల్లల్ని క్రికెట్ కోచింగ్‌లో చేర్చాలంటే సందుకొకటి దొరుకుతుంది, షటిల్ కోర్టులకీ కొదవ లేదు. హాకీ అంటే మాత్రం "ఇక్కడెవరాడతారు?" అంటారు. ఆడుతున్నారండీ. ఎనిమిదేళ్ళ పాప నుంచి రిటైరైన హెడ్‌మాస్టర్ దాకా ఒకే గ్రౌండ్‌లో ఆడుతున్నారు. నేనూ మా అక్క కొడుకూ ఏడాదికి పైగా ఈ క్లబ్‌కి వెళ్తున్నాం, కొత్తగా చేరాలనుకునేవాళ్ళకి పనికొస్తుందని మంచీ చెడూ రెండూ రాస్తున్నా. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా: ఎంత వయసు వాళ్ళొచ్చినా, ఒంట్లో ఏ ఇబ్బంది ఉన్నవాళ్ళొచ్చినా, జాలిపడకుండా ఆట నేర్పే చోటు మన ఊళ్ళో నాకు తెలిసి ఇదొక్కటే.

క్లబ్ అనగానే బిల్డింగు, రిసెప్షనూ ఊహించుకోకండి. యూనివర్సిటీ వైపు ఒక మట్టి గ్రౌండ్, ఒక రేకుల షెడ్డు, షెడ్డులో స్టిక్కులు, కోన్లు, గోలీ (గోల్‌కీపర్) ప్యాడ్లు, ఒక నీళ్ళ క్యాను. అంతే. నడిపేది ఇద్దరు కోచ్‌లు, ఇద్దరూ ఒకప్పుడు యూనివర్సిటీ జట్లలో ఆడినవాళ్ళు, ఇప్పుడు ఉద్యోగాలు చేసుకుంటూ పొద్దునా సాయంత్రం ఇక్కడికొస్తారు. పొద్దున పిల్లలకి, సాయంత్రం ఆడవాళ్ళకీ పెద్దవాళ్ళకీ, ఆదివారం అందరికీ కలిపి మ్యాచ్. కొండ మీద డ్యూటీ చేసేవాళ్ళు, లాడ్జీల్లో నైట్ షిఫ్ట్ వాళ్ళు, ఆసుపత్రి నర్సులు బాగానే ఉన్నారు, వాళ్ళకి ఏ పూట కుదిరితే ఆ పూట దిగొచ్చని వదిలేశారు. షిఫ్టుల్లో పనిచేసే ఇంట్లో ఉన్నవాళ్ళకి తెలుస్తుంది ఇది ఎంత పెద్ద సాయమో.

నేర్పే పద్ధతి నాకు బాగా నచ్చింది. కొత్తవాళ్ళని మొదట్లో బంతిని ఎత్తి కొట్టనివ్వరు. హాకీ స్టిక్కుకి ఎడమవైపు మాత్రమే చదునుగా ఉంటుంది, ఆ చదును వైపుతోనే ఆడాలి, గుండ్రటి వెనకవైపు తగిలిందంటే ఫౌల్. ఎడమచేతి వాటం వాళ్ళకని వేరే స్టిక్ ఉండదు, ఎవరైనా సరే ఎడమ చెయ్యి పైన, కుడి చెయ్యి కింద పట్టుకోవాల్సిందే, స్టిక్‌ని తిప్పేది పైనున్న ఎడమ చెయ్యే. కుడిచేతి వాటం వాళ్ళం కదా, ఆ ఎడమ మణికట్టు మాట వినడానికే చాలా రోజులు పడుతుంది. బంతి కూడా మెత్తనిది కాదు, 156 నుంచి 163 గ్రాములు, అంటే బరువులో దాదాపు క్రికెట్ బంతే. అందుకని మొదట పుష్, స్టాప్, మళ్ళీ పుష్, మళ్ళీ స్టాప్. చిన్నపిల్లలకి లోపల బోలుగా ఉండే తేలికైన ప్లాస్టిక్ బంతి ఇస్తారు, షిన్ ప్యాడ్ (ముంగాలికి దెబ్బ తగలకుండా కట్టుకునేది) లేకుండా ఎవ్వరినీ గీత దాటనివ్వరు, అది కలెక్టర్ గారి పిల్లాడైనా సరే.

ఇప్పుడు మావాడి సంగతి. మా అక్క కొడుక్కి పద్నాలుగేళ్ళు, పుట్టుకతోనే డౌన్ సిండ్రోమ్ (జన్యువుల్లో తేడా, దానివల్ల నేర్చుకోవడం కాస్త నెమ్మదిగా సాగుతుంది). వాడికి ఆటంటే ప్రాణం, కానీ ఇంతకుముందు తీసుకెళ్ళిన చోట్ల "కూర్చుని చూడనివ్వండి మేడం, ఆడించడం కష్టం" అన్నారు, ఒకచోటైతే ఫీజు కట్టించుకుని వాడిచేత బంతులేరించారు, రోజూ అదే పని. వాడు ఇంటికొచ్చి ఏమీ చెప్పేవాడు కాదు, బూట్లు మాత్రం మంచం కిందకి తోసేసేవాడు. ఇక్కడ కోచ్ అడిగిన మొదటి ప్రశ్న "మెడ గురించి డాక్టర్‌కి చూపించారా అమ్మా?" అని. డౌన్ సిండ్రోమ్ ఉన్న కొందరిలో మెడ పైభాగాన ఉండే మొదటి రెండు వెన్నుపూసల మధ్య పట్టు వదులుగా ఉంటుంది, అలాంటివాళ్ళు గట్టిగా గుద్దుకుంటే వెన్నుపాముకే ప్రమాదం. డాక్టర్ చూసి సరేనన్న కాగితం తెస్తేనే గ్రౌండ్‌లోకి దించుతానన్నాడాయన. అన్ని చోట్లా తిరిగాం, ఈ మాట అడిగినవాడు ఆయనొక్కడే.

కాగితం ఇచ్చిన రోజు ఆయన ఒక స్టిక్ తీసి గ్రిప్ మీద పైన ఎర్ర టేపు, కింద నీలం టేపు చుట్టాడు. మావాడి ఎడమ మణికట్టుకి ఎర్ర బ్యాండు, కుడి మణికట్టుకి నీలం బ్యాండు. ఎరుపు ఎరుపు మీదికి, నీలం నీలం మీదికి. పాఠం అంతే, అంతకు మించి ఒక్క మాట లేదు. వాడు స్టిక్ పట్టుకుని, చూసుకుని, చేతులు మార్చుకుని, మళ్ళీ చూసుకుని, తలెత్తి నవ్వాడు. మొదట్లో బంతి వస్తే కాలు అడ్డం పెట్టేవాడు, హాకీలో బంతి కాలికి తగిలితే ఫౌల్ కదా, కోచ్ ప్రతిసారీ విజిల్ ఊదాడు. మా అక్కకి మనసొప్పలేదు, "పోనీలెండి సార్, వాడికెందుకు" అంది. "వాడికీ అదే రూలమ్మా, నేర్చుకుంటాడు చూడండి" అన్నాడాయన. స్టిక్‌ని నేలకి దాదాపు పడుకోబెట్టి అడ్డంగా పెట్టడం నేర్పాడు, అలా పెడితే బంతి కాస్త అటూ ఇటూ వచ్చినా ఆగుతుంది, మట్టి గ్రౌండ్ మీద గట్టి ఆటగాళ్ళకి కూడా అదే మంచి పద్ధతి. ఇప్పుడు మావాడి కాలికి బంతి తగలడం చాలా అరుదు.

మావాడికి మ్యాచ్‌లో ఒక సొంత పని కూడా దొరికింది. పెనాల్టీ కార్నర్ (అవతలి జట్టు తమ గోల్ దగ్గర ఫౌల్ చేస్తే మనకి దొరికే అవకాశం) వచ్చినప్పుడు గోల్ స్తంభానికి 10 మీటర్ల దూరంలో వెనక గీత మీద బంతి పెట్టి ఒకరు లోపలికి నెట్టాలి, 'డీ' (గోల్ ముందు వంపుగా గీసిన గీత) బయట ఇంకొకరు దాన్ని ఆపాలి, ఇంకొకరు కొట్టాలి. ఆ నెట్టే పని మావాడిది. గ్రౌండ్‌లో ఎవరూ కదలరు, డిఫెండర్లు గోల్ గీత వెనక వంగి నిలబడి వీడి స్టిక్ వంకే చూస్తుంటారు, వీడు తొందరపడడు, ఒక కాలు గీత వెనక సరిగ్గా ఉందో లేదో కిందకి చూసుకుంటాడు, స్టిక్‌ని బంతికి ఆనించి ఒళ్ళంతా వంచి ఒక్క తోపు తోస్తాడు. బంతి నేలబారుగా నేరుగా పోతుంది. ఆ పని వాడికి దయతలచి ఇచ్చింది కాదు, జట్టులో వాడంత నిలకడగా నెట్టేవాళ్ళు ఇంకొకరు లేరు కాబట్టి ఇచ్చారు. మా అక్క ఇప్పుడు ఆదివారం పొద్దున్నే లేచి వాడికంటే ముందు తయారవుతుంది.

ఆదివారం మ్యాచ్ రూల్స్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే "అందరూ కలిసి ఆడతారు" అని చాలాచోట్ల రాసుకుంటారు, తీరా చూస్తే బాగా ఆడేవాళ్ళు నలుగురు ఆడతారు, మిగతావాళ్ళు గ్రౌండ్‌లో నిలబడతారు. ఇక్కడ సగం గ్రౌండ్‌లో ఏడుగురికి ఏడుగురు. కాస్త టైము కావాల్సినవాళ్ళు పసుపు బిబ్ (చొక్కా మీద వేసుకునే చేతుల్లేని తొడుగు) వేసుకుంటారు, వాళ్ళ దగ్గర బంతి ఉంటే అంపైర్ ఐదు అంకెలు లెక్కపెట్టేదాకా ఎవరూ స్టిక్ పెట్టకూడదు. ఐదు దాటాక మాత్రం మామూలు ఆటే. గోలీ కావాలని పక్కకి తప్పుకుని గోల్ ఇస్తే ఆ గోల్ చెల్లదు. కొత్తగా వచ్చిన ఒక కాలేజీ కుర్రాడు మంచి మనసుతోనే అలా ఒకసారి తప్పుకున్నాడు, మావాడే "అన్నా, మోసం" అని అరిచాడు. హాకీలో ఆటగాళ్ళని ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, ఆట ఆపాల్సిన పని కూడా లేదు, ఆ రూల్‌ని వీళ్ళు బాగా వాడతారు: ఆయాసం వచ్చినవాళ్ళు బయటికొచ్చి నీళ్ళు తాగి మళ్ళీ దిగుతారు.

సాయంత్రం నడక హాకీ బ్యాచ్ ఉంది. పరుగెత్తకూడదు, ఎప్పుడూ ఒక పాదం నేల మీద ఉండాలి, బంతి నేల మీంచి లేవకూడదు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకీ, గుండె డాక్టర్ "నడవండి" అని చెప్పినవాళ్ళకీ, ఊరికే పార్కులో చుట్లు కొట్టి విసుగొచ్చినవాళ్ళకీ చాలా బాగుంటుంది. ఇది ఇక్కడ కనిపెట్టింది కాదు, ఇంగ్లండ్‌లో, ఆస్ట్రేలియాలో పెద్దవాళ్ళ కోసం ఇలా ఆడిస్తున్నారు. పరుగు కావాలనుకునే పెద్దవాళ్ళకి మాస్టర్స్ హాకీ వేరే ఉంది, అది 35 ఏళ్ళ నుంచే మొదలు. ఆ బ్యాచ్‌లో ఒక అవ్వ ఉంది, ఎప్పుడో స్కూల్లో ఆడిందట, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని ఆమె స్టిక్ తిరగేసి ఇచ్చే రివర్స్ పాస్ చూడాలి. "ఏమప్పా, నిద్రపోతా ఉండావా?" అని కోచ్‌నే గదమాయిస్తుంది.

ఆడవాళ్ళ బ్యాచ్ విషయానికొస్తే, నేనున్నది అందులోనే. చాలామంది పెళ్ళయ్యాక మొదటిసారి గ్రౌండ్ తొక్కినవాళ్ళు. ట్రాక్ ప్యాంటే వేసుకోవాలని లేదు, చుడీదార్‌తో ఆడతారు, చున్నీ మాత్రం షెడ్డులో పెట్టాలి. మనవైపు ఆడపిల్లలకి హాకీ ఎందుకనేవాళ్ళకి ఒక్క పేరు చెప్తే చాలు: గోల్‌కీపర్ రజని ఎతిమర్పు. ఉమ్మడి చిత్తూరు జిల్లా పల్లెటూరి అమ్మాయి, 2016 రియో ఒలింపిక్స్‌కి వెళ్ళిన భారత జట్టుకి రిజర్వ్ గోల్‌కీపర్. 1980 తర్వాత మన ఆడపిల్లల హాకీ జట్టు ఒలింపిక్స్ ఆడడం అదే మొదలు, అంటే 36 ఏళ్ళకి. మగవాళ్ళ జట్టు టోక్యోలో, పారిస్‌లో వరసగా కంచు పతకాలు తెచ్చింది, ఆ వారం రోజులూ అందరూ స్టేటస్‌లు పెట్టారు, తర్వాత మళ్ళీ ఐపీఎల్. సొంత జిల్లా అమ్మాయి గురించి ఇక్కడి స్కూళ్ళలో పిల్లలకి తెలియకపోవడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. మా షెడ్డులో మాత్రం గోలీ ప్యాడ్లు కట్టుకునే ప్రతి అమ్మాయికీ ఆ పేరు తెలుసు.

ఇక చెడు. అన్నిటికన్నా ముందు బాత్రూమ్. ఆడవాళ్ళకి గ్రౌండ్ దగ్గర బాత్రూమ్ లేదు, దగ్గర్లో ఉన్న ఒక టీచర్ గారింటికి వెళ్ళాల్సి వస్తోంది, ఆమె మంచిదే, కానీ ఎన్నాళ్ళు? ఆడవాళ్ళు మధ్యలో మానేయడానికి ఇదే పెద్ద కారణమని నేను కోచ్‌లకి మొహం మీదే చెప్పాను. ఒక మొబైల్ టాయిలెట్ కోసం చందా వేసుకుందామంటే స్థలం వాళ్ళు ఒప్పుకోవట్లేదు.

రెండోది, గేటు దగ్గర ఇసక, దాని తర్వాత ఒక మెట్టు. వీల్‌చైర్ లోపలికి రాదు. ఒక తండ్రి కూతుర్ని తీసుకొచ్చి గేటు దగ్గరినుంచే వెనక్కి వెళ్ళడం చూశాను, కోచ్ పరుగెత్తి వెళ్ళి మోసుకొస్తామన్నాడు, ఆ అమ్మాయి వద్దంది. పెద్దపిల్ల, ఎవరో ఎత్తుకుంటే ఎలా ఉంటుంది చెప్పండి. నాలుగు బస్తాల సిమెంటు పని అది. అది అయ్యేదాకా కరపత్రంలో "అందరికీ" అని వేసుకోకూడదని నా పట్టు.

గ్రౌండ్ మట్టిది కాబట్టి బంతి ఎగురుతుంది. అంతర్జాతీయ హాకీ 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ నుంచే కృత్రిమ టర్ఫ్ (ప్లాస్టిక్ గడ్డి పరిచిన గ్రౌండ్) మీదికి మారిపోయింది, మట్టి మీద నేర్చుకున్న పిల్లలు టర్ఫ్ మీద దిగితే బంతి వేగానికి బిత్తరపోతారు. మన దగ్గర అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానలు, ఆ రోజుల్లో గ్రౌండ్ బురద, క్లాసులు సగానికి సగం పోతాయి, ఫీజు మాత్రం తగ్గించరు. బ్రహ్మోత్సవాల తొమ్మిది రోజులూ సెలవే, ఆ ట్రాఫిక్‌లో ఎవరూ రాలేరు కూడా, దానికి నాకేమీ అభ్యంతరం లేదు. సాయంత్రం లైట్లు చాలవు, ఆరున్నర దాటితే బంతి కనపడదు. గోలీ కిట్ ఒక్కటే ఉంది, పెద్దవాళ్ళ సైజు, పిల్లలు వేసుకుంటే అందులో మునిగిపోతారు, ఎండలో ఆరబెట్టకపోతే వాసన కూడా.

మీ పిల్లల్ని జిల్లా, రాష్ట్ర జట్టు సెలక్షన్లకే తయారు చేయాలనుకుంటే ఈ క్లబ్ ఒక్కటే సరిపోదు. మొదటి రెండేళ్ళకి పునాది బాగా పడుతుంది, ఆ తర్వాత టర్ఫ్ ఉన్నచోటికి పంపాల్సిందే, కోచ్‌లే ఆ మాట దాచకుండా చెప్తారు.

ఫీజు పిల్లలకి నెలకి మూడు వందలు, పెద్దవాళ్ళకి ఐదు వందలు, ఇవ్వలేనివాళ్ళని అడగరు, ఎవరు ఇవ్వట్లేదో మిగతావాళ్ళకి తెలియనివ్వరు కూడా. స్టిక్ వెంటనే కొనకండి, షెడ్డులో ఉన్నవి ఇస్తారు. ఆట నచ్చాక కొనాలంటే మామూలు చెక్క స్టిక్ వెయ్యి లోపే వస్తుంది, కార్బన్ ఎక్కువుండేవి పది వేలు దాటుతాయి, మనకి అక్కర్లేదు. పెద్దవాళ్ళకి ఎక్కువగా 36.5 అంగుళాల పొడవు సరిపోతుంది, పిల్లలకి మాత్రం కోచ్‌ని పక్కన నిలబెట్టి చూపించాకే తీసుకోండి, ఎదుగుతారు కదా అని పెద్దది కొంటే నడుం వంచడం అలవాటవదు. షిన్ ప్యాడ్లు, పళ్ళకి గార్డు మాత్రం మొదటి నెలలోనే కొనేయండి. నేను ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నా, ఆ ఒక్కటీ గేటు దగ్గర ర్యాంపు వేసిన రోజు ఇస్తా. చూడాలనుకుంటే ఆదివారం పొద్దున ఆరుంపావుకల్లా రండి, ఎండెక్కితే ఆపేస్తారు, బండి పక్క సందులో పెట్టుకోవచ్చు.