మూడు నెలల షుగర్ టెస్టు: టెస్టుకి 5 స్టార్లు, ల్యాబుకి రెండున్నర

అమ్మకి ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే సర్వీసు బుక్ చేశాను. ల్యాబు పేరు రాయను. ఫోనెత్తిన అమ్మాయి "పరగడుపునే ఉండాలి మేడమ్, కాఫీ కూడా వద్దు" అని ఒకటికి రెండుసార్లు చెప్పింది. 7కి వస్తానన్న కుర్రాడు తొమ్మిదిన్నరకి దిగాడు. 68 ఏళ్ల మనిషి అప్పటిదాకా కాఫీ చుక్క లేకుండా కూర్చుని నన్ను తిడుతూనే ఉంది. తీరా చూస్తే మేం చేయించింది హెచ్‌బీఏ1సీ, అంటే ఈ మూడు నెలల షుగర్ టెస్టు ఒక్కటే, దానికి పరగడుపుతో పనే లేదు! ఇడ్లీ తిని ఇచ్చినా అంకె మారదు.

ఎందుకంటే అది ఆ పూట షుగర్ ఎంతుందో చూసే టెస్టు కాదు. రక్తంలో తిరిగే గ్లూకోజు ఏ ఎంజైమూ అక్కర్లేకుండా దానంతటదే ఎర్రకణాల్లో ఉండే హిమోగ్లోబిన్‌కి అంటుకుంటుంది, ముందు వదులుగా, తర్వాత గట్టిగా, ఇక ఆ ఎర్రకణం బతికే దాదాపు 120 రోజులూ అలాగే ఉండిపోతుంది. పెనం మీద అట్టు ఎర్రగా కాలడం మొదలయ్యేదీ ఇలాంటి చర్యతోనే, ఒంట్లో అంత సెగ ఉండదు కాబట్టి వారాలు పడుతుంది, అంతే. టెస్టుకి వారం ముందు స్వీట్లు మానేసి డాక్టర్ని బురిడీ కొట్టించే మా బాబాయి ఆటలు అందుకే దీని దగ్గర సాగవు.

దీన్ని షుగర్ జబ్బుతో ముడిపెట్టినాయన ఇరాన్‌కి చెందిన శామ్యూల్ రహ్‌బర్. టెహ్రాన్ యూనివర్సిటీలో ఆయన వెతికింది షుగర్ కోసం కాదు. హిమోగ్లోబిన్‌లో తేడాలున్నవాళ్లని పట్టుకోవడానికి ఒక్కొక్కరి రక్తాన్నీ జెల్ మీద కరెంటు పెట్టి పరిగెత్తిస్తుంటే ఇద్దరి నమూనాల్లో ఓ వింత గీత కనిపించింది, ఆరా తీస్తే ఇద్దరూ షుగర్ పేషెంట్లే. 1968లో ఆ సంగతి పేపరుగా రాశాడు. షుగర్ అదుపులోకొస్తే ఈ అంకె కూడా దిగుతుందని 1976లో అమెరికాలో ఆంథొనీ సెరామీ బృందం చూపించింది. రహ్‌బర్ 1979లో దేశం వదిలి కాలిఫోర్నియాలోని సిటీ ఆఫ్ హోప్‌లో చేరి, చక్కెర ఇలా ప్రోటీన్లకి అంటుకుని వాటిని పాడుచేయకుండా ఆపే మందుల మీద ఏళ్ల తరబడి పనిచేశాడు. అవి మన మెడికల్ షాపుల దాకా రాలేదు, టెస్టు మాత్రం వీధి చివరి ల్యాబు దాకా వచ్చేసింది.

సరే, మళ్లీ మా ల్యాబు దగ్గరికి. కుర్రాడి చెయ్యి మంచిది, ఒక్క పోటుకే నరం దొరికింది, సూది మా ముందే విప్పాడు, ఊదా మూత ట్యూబు మీద పేరు కూడా అక్కడే రాశాడు. సాయంత్రానికి వాట్సాప్‌లో రిపోర్టు: 6.6. పక్కన ఎర్ర అక్షరాల్లో "డయాబెటిక్". 6.5 గానీ అంతకు మించి గానీ వస్తే అలా వేస్తారు, దాన్ని తప్పనలేం. కానీ ఆ రాత్రి అమ్మకి ఒకటే టెన్షన్, నిద్ర లేదు.

మర్నాడు డాక్టరు గారు అడిగిన మొదటి మాట "ఆవిడకి రక్తం ఎంతుంది?" అని. హిమోగ్లోబిన్ 8.9. ఐరన్ లోపం వల్ల రక్తం తగ్గినప్పుడు ఈ అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపించొచ్చట, అదే ఎర్రకణాలు త్వరగా చితికిపోయే జబ్బులుంటే తక్కువ చూపిస్తుందట. మామూలు షుగర్ చూస్తే పరగడుపున 104, తిన్నాక 138. ముందు ఐరన్ మాత్రలు వాడి, మూడు నెలలాగి మళ్లీ చేయించమన్నారు. ఈ ముక్క రిపోర్టు కింద ఒక్క లైను వేస్తే ల్యాబువాళ్ల సొమ్మేం పోయింది? కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి అదే అడిగితే "రిపోర్ట్ కరెక్టే మేడమ్" అని పెట్టేశారు. కరెక్టే, మిషన్ లెక్క తప్పిందని నేనూ అనలేదు.

మీరు చేయిస్తే పక్కనే రక్తం ఎంతుందో, కణాలెలా ఉన్నాయో చెప్పే సీబీసీ టెస్టు కూడా రాయించుకోండి. నేనైతే ఆ కుర్రాడినే పంపుతానంటే మళ్లీ వీళ్లకే ఇస్తాను. ఈసారి అమ్మ కాఫీ తాగే కూర్చుంటుంది.